సినిమా జర్నలిజంలో మనిషికి మిగిలేది ఏమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జర్నలిజంలో పీజీ అయింది. హైదరాబాద్‌లో ఒక వెబ్‌సైట్ సినిమా విభాగంలో రిపోర్టర్‌గా ఆఫర్ వచ్చింది, జీతం తక్కువ. ఇంట్లోవాళ్లు "సినిమా వార్తలు రాయడం కూడా ఉద్యోగమేనా, ఏదైనా పొలిటికల్ బ్యూరోలో చేరు" అంటున్నారు. అమ్మాయి కాబట్టి రాత్రిపూట ఈవెంట్ల గురించి కూడా వాళ్లకు టెన్షన్ ఉంది. ఇరవై ఏళ్లు ఈ పని చేస్తే మనిషికి ఏం మిగులుతుందో చెప్పమన్నారు. నేను సినిమా పేజీలోనే వృత్తి మొదలుపెట్టి పత్రిక, టీవీ, వెబ్ మూడింట్లోనూ ఇదే పని చేశాను. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

నా మాట అడిగితే, చేరండి. కానీ హీరోలతో ఫొటోలు, ప్రీ రిలీజ్ ఈవెంట్ పాసులు, అందరికంటే ముందు సినిమా చూడటం వంటివి మనసులో పెట్టుకుని మాత్రం చేరకండి. ఆ మోజు ఏడాది తిరక్కుండానే తీరిపోతుంది. పెద్ద సినిమా ప్రమోషన్లలో ఒక హోటల్ గదిలో పదిహేను మంది రిపోర్టర్లను కూర్చోబెడతారు. హీరో వచ్చి, పొద్దున ఇంకో పదిహేను మందికి చెప్పిన జవాబులే మళ్లీ చెప్పి వెళ్తాడు. సాయంత్రానికి అన్ని సైట్లలోనూ అదే ఇంటర్వ్యూ ఉంటుంది. అందులో మీరంటూ సంపాదించుకున్నది ఏమీ ఉండదు.

నా దృష్టిలో అసలు సంపాదన వేరే చోట ఉంది. తెలుగు సినిమాకు తన చరిత్రను తాను దాచుకునే అలవాటు లేదు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'నే తీసుకోండి. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో, సురభి నటులతో, బొంబాయిలో తీసిన సినిమా. దాని ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. ఆ సినిమా 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరం రాసుకుంటూ వచ్చాం. పుస్తకాల్లో అదే తేదీ, ప్రసంగాల్లో అదే తేదీ, ప్రతి ఏడాదీ ఆ రోజున పత్రికల్లో వ్యాసాలు. రెంటాల జయదేవ అనే జర్నలిస్టు మాత్రం ఆధారం ఏదని అడిగారు. పాత పత్రికలు, సెన్సార్ వివరాలు తిరగేసి, ఆ సినిమా 1932 జనవరి 22న సెన్సార్ అయిందనీ, ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్లో విడుదలైందనీ తేల్చారు. ఇప్పుడు పరిశ్రమ ఫిబ్రవరి 6ను తెలుగు సినిమా దినోత్సవం అంటోంది. ఒక భాష సినిమా పుట్టినరోజునే ఒక సినిమా జర్నలిస్టు సరిదిద్దాడు. యూనివర్సిటీలో పెద్ద డిపార్ట్‌మెంట్ చేయాల్సిన పని అది. ఈ బీట్‌లో, అంటే సినిమా వార్తల విభాగంలో, ఉన్న మనిషి చేశాడు. ఇంట్లోవాళ్లు "అదీ ఒక ఉద్యోగమేనా" అన్నప్పుడు ముందుగా ఈ సంగతి చెప్పండి.

ప్రింట్లు పోయినా కాగితం మిగిలింది కాబట్టే అది సాధ్యమైంది. 2003 జనవరిలో పుణేలో జరిగిన అగ్ని ప్రమాదంలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చెందిన సులువుగా అంటుకునే పాత నైట్రేట్ ఫిల్ములు చాలా కాలిపోయాయి. అలా పోయిన సినిమాల గురించి మనకు ఈరోజు తెలిసింది ఎలా? థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, పత్రికల్లో వచ్చిన ప్రకటనలు, అప్పటి విలేకరులు రాసిన సమీక్షల ద్వారానే. విజయచిత్ర, సితార, జ్యోతిచిత్ర వంటి సినిమా పత్రికల పాత సంచికలు ఉన్నవాళ్ల ఇంటికి ఇప్పుడు పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్తున్నారు. ఆ సంచికల్లో ఫలానా షెడ్యూల్ ఫలానా స్టూడియో ఫ్లోర్‌లో జరుగుతోందని నాలుగు లైన్ల వార్త రాసిన విలేకరి, అది ఇన్నేళ్ల తర్వాత ఎవరికో ఆధారం అవుతుందని అనుకుని ఉండడు. రేపు మీరు రాసే చిన్న వార్త కూడా అంతే. అందుకే తేదీ, స్థలం, పేరు స్పెల్లింగ్ విషయంలో నేను జూనియర్ల మీద కఠినంగా ఉంటాను. కెమెరామన్ పేరు తప్పు పడితే పాఠకుడు గమనించడు. కానీ ఆ తప్పు ఇరవై చోట్లకు కాపీ అయి, చివరికి అదే నిజం అయి కూర్చుంటుంది.

ఈ జ్ఞాపకం విలువ బాగా తెలిసేది ఎవరైనా పెద్దవాళ్లు పోయిన రోజున. 2022 సెప్టెంబరు నుంచి 2023 ఫిబ్రవరి దాకా గుర్తు చేసుకోండి. కృష్ణంరాజు, కృష్ణ, కైకాల సత్యనారాయణ, జమున, కె. విశ్వనాథ్. అయిదు నెలలు కూడా గడవకుండానే ఒక తరం వెళ్లిపోయింది. విశ్వనాథ్ గారు పోయింది ఫిబ్రవరి 2 రాత్రి. ఆయన 'శంకరాభరణం' విడుదలైంది కూడా 1980లో అదే ఫిబ్రవరి 2న. ఆ రాత్రి న్యూస్‌రూమ్‌లలో ఈ సంగతి వెంటనే పట్టుకున్నది సినిమా బీట్‌లో ఏళ్ల తరబడి పని చేసినవాళ్లే. మిగతావాళ్లు అవార్డుల జాబితా రాసుకుంటూ ఉండిపోయారు. అర్ధరాత్రి డెడ్‌లైన్ ముందు కూర్చుని, ఒక మనిషి జీవితకాలపు పనిని ఆరు వందల మాటల్లో పెట్టడం చాలా కష్టమైన పని. అది సరిగ్గా కుదిరిన మర్నాడు ఆ కుటుంబం నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి "మా నాన్నగారి గురించి ఈ విషయం మాకే తెలియదండీ" అంటే, ఆ తృప్తి ముందు ఏ అవార్డు ఫంక్షనూ నిలవదు.

ఈ పనిలో రెండో సంపాదన, తెర మీద కనిపించని మనుషులు. ఈ బీట్‌లో నాకు దొరికిన గొప్ప ఇంటర్వ్యూలేవీ హీరోలవి కావు. ఒకసారి ప్రత్యేక సంచిక కోసం చెన్నై వడపళనిలో ఒక పాత కోరస్ గాయనిని కలిశాను. డెబ్బై దాటిన మనిషి. మీరు పాడిన పాట ఏదైనా పాడి వినిపించండమ్మా అంటే గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. వింటున్నాను కానీ పాట ఏదో ఎంతకీ అంతు పట్టలేదు. ఆవిడ పాడుతున్నది కోరస్ లైను మాత్రమే. హీరోయిన్ గొంతు వచ్చే చోట నిశ్శబ్దంగా వేళ్ల మీద తాళం లెక్కపెట్టుకుని, మళ్లీ తన వంతు వచ్చినప్పుడు అందుకుంటున్నారు. మూడో ఆవర్తనానికి నా మనసులో అసలు పాట తనంతట తానే వచ్చి ఆ ఖాళీల్లో కూర్చుంది. ఊళ్లో రేడియోలో వింటూ పెరిగిన పాట అది. అన్నేళ్లు వింటున్నా వెనక అంత పని జరుగుతోందని నాకు తెలియదు. ఆర్కెస్ట్రా, గాయకులు అందరూ కలిసి ఒకేసారి రికార్డు చేసే రోజుల్లో, కోరస్‌లో ఒకరు దగ్గినా టేక్ మొత్తం మళ్లీ మొదటికొచ్చేదట. అందుకని జలుబు చేసిన రోజు మానేసేవారట, మానేస్తే ఆ రోజు డబ్బులు లేవు.

ఆవిడ దగ్గర ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉంది. రికార్డింగ్ తేదీ, రికార్డింగ్ థియేటర్, సంగీత దర్శకుడు, పాట మొదటి మాట, ముట్టిన డబ్బు. అన్నీ వరుసగా రాసిపెట్టుకున్నారు. ఎవరైనా బాకీ ఎగ్గొడితే అడగడానికని రాసుకున్న లెక్క అది. ఈరోజు చూస్తే ఫలానా పాట ఎప్పుడు, ఎక్కడ రికార్డయిందో చెప్పే ఆధారం. వ్యాసం వచ్చాక ఆమెతో కలిసి పాడిన మరో ఇద్దరు నా నంబరు వెతుక్కుని ఫోన్ చేశారు. వాళ్లలో ఒకరి దగ్గర కూడా అలాంటి పుస్తకమే ఉంది. టైటిల్ కార్డుల్లో ఎప్పుడూ పడని పేర్లు, కనీసం ఒక పత్రికలో పడ్డాయి. ఇలాంటి మనుషులు హైదరాబాద్ కృష్ణానగర్ గల్లీల్లో, చెన్నై సాలిగ్రామంలో, జిల్లాల్లో మూతపడిన థియేటర్ల పక్క వీధుల్లో ఇంకా ఉన్నారు. పాత ఆపరేటర్లు, మేకప్‌మెన్, స్టిల్ ఫొటోగ్రాఫర్లు, పోస్టర్ ఆర్టిస్టులు. వాళ్ల దగ్గరికి వెళ్లడానికి పీఆర్వో అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం ఖాళీ చేసుకుంటే చాలు.

ఇక వ్యాపారం సంగతి. ఈ బీట్‌ను తేలికగా చూసేవాళ్లకు అర్థం కానిది ఏమిటంటే, ఇది బిజినెస్ జర్నలిజం కూడా. పోస్టర్ మీద వంద కోట్లు అని వేస్తారు. అది గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం వసూలు. మల్టీప్లెక్స్‌లో 295 రూపాయల టికెట్‌లో 18 శాతం జీఎస్టీ కింద 45 రూపాయలు పోతే మిగిలే నెట్ 250. అందులో థియేటర్ వాటా తీసేస్తే వచ్చేది షేర్. ఆ షేర్‌లోంచే డిస్ట్రిబ్యూటర్ పెట్టుబడి తిరిగి రావాలి. అంటే పోస్టర్ మీది వంద, షేర్ దగ్గరకు వచ్చేసరికి దాదాపు సగంలో తేలుతుంది. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఓవర్సీస్ అని ఏరియాల వారీగా ఎంతకు అమ్మారు, ఎంజీ (మినిమమ్ గ్యారంటీ) మీద ఇచ్చారా అడ్వాన్స్ మీద ఇచ్చారా అన్నది తెలిస్తేనే సినిమా నిలబడిందో లేదో చెప్పగలం. ఎంజీ మీద కొంటే నష్టం కొన్నవాడిది. అడ్వాన్స్ అయితే తర్వాత నిర్మాత సర్దాలి. ఒకే కలెక్షన్‌తో ఒకరి ఇల్లు నిలబడుతుంది, ఇంకొకరిది అమ్ముడుపోతుంది. ఈ లెక్కలు చదవడం వచ్చాక మీకు సినిమా వార్త వేరేగా కనిపిస్తుంది.

2025 మే నెలలో థియేటర్ల వాళ్లు అద్దె పద్ధతి వద్దు, వసూళ్లలో వాటా ఇచ్చే పర్సంటేజీ పద్ధతి కావాలి, లేకపోతే జూన్ 1 నుంచి మూసేస్తామన్నప్పుడు చాలా సైట్లు దాన్ని ఏదో హీరో సినిమా మీద కుట్రగా రాసి వదిలేశాయి. సింగిల్ స్క్రీన్‌కు వారం అద్దె ఎలా లెక్క కడతారో, రెండో వారంలో ఆ లెక్క ఎవరిని ముంచుతుందో వివరించినవాళ్లు తక్కువ. అదే ఏడాది ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ సమ్మెకు దిగి షూటింగులు ఆగిపోయినప్పుడూ అంతే. లైట్‌మన్‌కు కాల్‌షీట్ (ఒక రోజు పని) ఎన్ని గంటలు, బేటా (రోజు భత్యం) ఎంత, నెలలో నిజంగా పని దొరికే రోజులు ఎన్ని అని అడిగి రాసిన రిపోర్టర్‌ను రెండు పక్షాలూ గుర్తుపెట్టుకున్నాయి. నిర్మాతకు కోపం వచ్చినా సరే, ఆ తర్వాత ఏదైనా పెద్ద వార్త ఉంటే ఫోన్ చేసేది లెక్క తెలిసిన ఆ మనిషికే. నమ్మకం అలా ఏర్పడుతుంది. పొలిటికల్ బ్యూరోలో పదేళ్లకు వచ్చే పరపతి ఇక్కడా వస్తుంది, పని అలా చేస్తే.

అమ్మాయిల విషయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. రాత్రి ఈవెంట్ ఉంటే ఆఫీసు క్యాబ్ ఇవ్వాలి, ఇది చేరేముందే మాట్లాడుకోవాల్సిన విషయం. సిగ్గుపడకండి. ఇంకో సంగతి కూడా ఉంది. మలయాళ సినిమా రంగంలో ఆడవాళ్ల మీద వేధింపుల గురించి హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చాక, ఇలాంటి విషయం మీదే తెలంగాణ ప్రభుత్వం 2019లో వేసిన కమిటీ నివేదిక ఏమైందనే ప్రశ్న ఇక్కడా లేచింది. అలాంటి వార్తల్లో జూనియర్ ఆర్టిస్టులు, డ్యాన్సర్లు, హెయిర్ డ్రెస్సర్లు నోరు విప్పి మాట్లాడింది చాలావరకు ఆడ రిపోర్టర్లతోనే. వాళ్ల పేరు బయటపడకుండా చూసుకుంటూ, చెప్పింది నిజమో కాదో నిర్ధారించుకుంటూ రాయడం ఎంత బాధ్యతో నేను దగ్గర నుంచి చూశాను. ఈ బీట్‌కు మీలాంటివాళ్లు కావాలి.

రివ్యూల గురించి ఒక్క మాట. రేటింగ్ అంకె కోసం మాత్రమే చదివేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను చూసి రాయడం మొదలుపెడితే చేయి పాడవుతుంది. గుడిపూడి శ్రీహరి గారు దశాబ్దాలపాటు రివ్యూలు రాశారు. నచ్చని సినిమాను నచ్చలేదని రాసినా మనిషిని చిన్నబుచ్చేవారు కాదు. 1999లో ఐడిల్‌బ్రెయిన్ వెబ్‌సైట్ వచ్చాక అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు రివ్యూ వెంటనే అందడం మొదలైంది. ఇప్పుడు అక్కడి ప్రీమియర్ షో నడుస్తుండగానే, మనకు తెల్లవారకముందే తీర్పు వచ్చేస్తోంది. ఆ వేగంతో పోటీ పడలేం. కానీ సెకండాఫ్ ఎందుకు జారిపోయిందో, ఎడిటింగ్ వల్లా, రాత వల్లా, లేక నటుడి వల్లా అన్నది విడదీసి చెప్పగలిగితే మధ్యాహ్నం వచ్చినా మీ రివ్యూనే దర్శకులు చదువుతారు. ఆ విడదీయడం నేర్చుకోవడానికి ఒక మంచి దారి, పుణేలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, ఆర్కైవ్ కలిసి నడిపే ఫిల్మ్ అప్రిసియేషన్ కోర్సు. నెల రోజుల్లోపు అయిపోతుంది. డబ్బు కూడబెట్టుకుని అయినా వెళ్లండి.

ఈ దారి ఇక్కడితో ఆగాలని కూడా లేదు. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాసి, తర్వాత సినిమాలకు రాశారు. కె.ఎన్.టి. శాస్త్రి విమర్శకుడిగా జాతీయ అవార్డు తీసుకుని, తర్వాత 'తిలదానం' తీసి కొత్త దర్శకుడిగానూ జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. బి. జయ జర్నలిస్టుగా మొదలై దర్శకురాలయ్యారు. 2023లో ప్రకటించిన 69వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ విమర్శకుడి పురస్కారం తెలుగువాడైన పురుషోత్తమాచార్యులకే వచ్చింది. అయితే ఎలాగైనా సినిమాల్లోకి దూరిపోవాలని మెట్టుగా వాడుకుందామని మాత్రం ఈ ఉద్యోగంలో చేరకండి. అలా వచ్చినవాళ్లు ఏ దర్శకుడినీ నొప్పించలేరు, అందుకని ఏదీ నిజంగా రాయలేరు.

డబ్బు గురించి దాచను. మొదటి రెండు మూడేళ్లు హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చులకు సరిపెట్టుకోవడమే కష్టంగా ఉంటుంది. ఆ తర్వాత పేరొస్తే ఓటీటీ సంస్థల్లో కంటెంట్ పని, సబ్‌టైటిల్స్, డాక్యుమెంటరీ పరిశోధన, పుస్తకాలు అని దారులు తెరుచుకుంటాయి. ప్రెస్ మీట్ అయ్యాక చేతిలో పెట్టే కవర్ ఒకటుంటుంది. అందరూ తీసుకుంటున్నారు కదా, పెట్రోల్ ఖర్చులే కదా అంటారు. తీసుకోకండి. నీతి సంగతి అటుంచినా, పని దెబ్బతింటుంది. కవర్ తీసుకున్న సాయంత్రం ఆ సినిమా గురించి రాయడానికి కూర్చున్నప్పుడు చేయి ఆగుతుంది, ఆ ఆగడం రాసినదాంట్లో తెలిసిపోతుంది. తీసుకోనివాళ్లెవరో పరిశ్రమలో అందరికీ తెలుసు. నేను పైన చెప్పిన నమ్మకం, ఫోన్లు, పెద్దవాళ్ల ఇళ్లలో దొరికే మధ్యాహ్నాలు అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

మీ ఆఫర్ విషయానికొస్తే, జీతం అంకె కంటే ముందు వాళ్లను నాలుగు విషయాలు అడగండి. వార్త మీద నా పేరు పడుతుందా? వేరే సైట్ల నుంచి తిరగరాసే వార్తలు కాకుండా వారానికి ఒక్కటైనా సొంత స్టోరీకి టైం ఇస్తారా? పీఎఫ్, హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నాయా? రిపోర్టర్లకు యాడ్స్ టార్గెట్ పెడతారా? మొదటి మూడింట్లో కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. నాలుగోదానికి మాత్రం "ఉంటుంది, కానీ నామమాత్రమే" అన్నా ఒప్పుకోకండి. ఏ నిర్మాతను ప్రశ్న అడగాలో ఆయన దగ్గరికే యాడ్ అడగడానికి మిమ్మల్ని పంపిస్తారు. అలాంటిది అయితే ఇంకో ఆఫీసు చూసుకోండి, హైదరాబాద్‌లో సినిమా డెస్క్ ఉన్న పత్రికలు, చానళ్లు, సైట్లు చాలానే ఉన్నాయి.